కొసరు పుస్తకం

నిన్న పొద్దున కాఫీ తాగుతూ ఫోన్ చూసుకుంటుంటే మా ఊరి శివారు అంబత్తూరు నుంచి ఒక అమ్మాయి పంపిన సందేశం కనిపించింది. అక్కడి ఫ్యాక్టరీల ఎస్టేటులో ఏదో యంత్రాల కంపెనీలో ఉద్యోగమట, గుంటూరు వైపు నుంచి వచ్చి నాలుగేళ్ళుగా ఇక్కడే ఉంటోందట, సెలవు రోజుల్లో కూర్చుని చంద్రుడి మీద ఇనుము చెక్కే లేతు మిషన్లు నడిపే ఆడవాళ్ళ గురించి తెలుగులో ఒక నవల రాసి, ఏ ప్రచురణకర్త గడపా తొక్కకుండా తనే అచ్చు వేయించుకుంది. ఇలా సొంతంగా అచ్చు వేసుకునేవాళ్ళ కొత్త పుస్తకాల గురించి, అందులోనూ లోకంలో లేని లోకాల గురించి రాసేవాళ్ళ గురించి, నెలకొకసారి బంధువులకూ తెలిసినవాళ్ళకూ నా గొంతుతో రికార్డు చేసి పంపుతుంటానని ఎవరో ఆమెకు చెప్పారు. పుస్తకం పంపిన వారానికే ఈ సందేశం. పెద్దగా ఏమీ అక్కర్లేదు మేడమ్ గారూ, అమ్మే చోట అయిదు స్టార్లు పెట్టి సూపర్ అని ఒక్క మాట రాస్తే చాలు, అని.

పక్కనే కూర్చున్న మా తమ్ముడి మనవరాలిదీ అదే మాట. స్టార్లు పెట్టేసి పని చూసుకో పాటీ, నీ వాయిస్ మెసేజ్ అంతసేపు ఎవరు వింటారు, అంది. ఇక్కడ పుట్టిన పిల్ల కదా, నానమ్మను తమిళంలో పాటీ అనే పిలుస్తుంది. నేను పెట్టనన్నాను. అది మొండితనమనుకుంది, మొండితనమే, కాదనను, కానీ ఆ మొండితనం నాది కాదు, మా పెద్దమ్మది. నాకు అది ఆస్తిలా వచ్చింది.

మీలో నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అద్దెకు పుస్తకాలిచ్చే లైబ్రరీలు. టి. నగర్‌లో పట్టుచీరల అంగళ్ళ వెనక సందులో మా పెదనాన్నకు అలాంటిది ఒకటి ఉండేది. పేరుకు ఆయన యజమాని, నడిపింది పెద్దమ్మ. ఒక గోడ తమిళానికి, ఒక గోడ తెలుగుకి, మధ్యలో ఒక బెంచీ, పైన ఫ్యాను, అది తిరగడం కంటే మూలగడం ఎక్కువ. చదువు అయిపోయి ఉద్యోగం దొరికేదాకా అని నేను అక్కడ చేరి, ఆ తరవాత ఉద్యోగం సంగతే మరిచిపోయాను. నిజం చెప్పాలంటే నా జీవితంలో అంత సంతోషంగా గడిచిన కాలం మరొకటి లేదు.

పెద్దమ్మకు కూరగాయల బండి దగ్గర నేర్చుకున్న పద్ధతి ఒకటి ఉండేది. వంకాయలు కొంటే కరివేపాకు కొసరుగా పడేస్తారు కదా, అలాగే ఎవరైనా పేరున్న సీరియల్ నవల అద్దెకు తీసుకుంటే దాని మీద ఎవరికీ తెలియని రచయిత పుస్తకం ఒకటి కొసరుగా పెట్టి ఇచ్చేది. దానికి అద్దె లేదు, కానీ తిరిగి తెచ్చిన రోజున బెంచీ మీద కూర్చుని ఎక్కడిదాకా చదివారో, ఎందుకు ఆపారో నోటితో చెప్పి పోవాలి. నాకు మాత్రం మొదటిరోజే ఒక కట్టడి పెట్టింది. "బాగుండాదని చెప్పొద్దు మే. బాగుండాదో లేదో తీసుకుపోయినోళ్ళు చెప్పనీ. దాంట్లో ఏముండాదో చెప్పు, ఎవరికి పట్టదో అది కూడా చెప్పు" అంది. ఈ పుస్తకం మీకు నచ్చదు అని ముఖాన చెప్పి మరీ చేతిలో పెట్టేది, తీసుకున్నవాళ్ళు రోషానికైనా చదివేవాళ్ళు.

నేను చేరిన ఏడు ఎండాకాలంలో మా మామ, అంటే అమ్మకీ పెద్దమ్మకీ తమ్ముడు, ఒక రిక్షా నిండా పుస్తకాలు తెచ్చి బెంచీ కింద దించాడు. రాయపురంలో ఉంటూ హార్బరులో గుమాస్తాగా పనిచేసేవాడు, రోజంతా కిటికీలోంచి సముద్రం చూసీ చూసీ, దాని అడుగున ఒక ఊరుందని నవల రాసి సొంతంగా అచ్చు వేయించాడు. పై నుంచి వెళ్ళిన గుమాస్తా ఒకడు ఆ ఊరు చేరి, అక్కడి మనుషుల మధ్య కొన్నాళ్ళుండి, వాళ్ళకున్న ఒక్క దీపమూ పట్టుకుని తిరిగి ఒడ్డుకు వస్తాడు. మా ఇళ్ళల్లో సంసారాల కథలూ దొంగల కథలూ చదివేవాళ్ళే కానీ ఇలాంటివి ముట్టుకునేవాళ్ళు లేరు. దుకాణాల వాళ్ళు ఒకరిద్దరు చూసి వెనక్కి పంపేశారు. మామకు ఆ దెబ్బ గట్టిగా తగిలింది. "వానలు పడేలోపల మన ఇంటోళ్ళు కాని మనిషి ఒక్కరు కడదాకా చదివినారంటే చెప్పక్కా. లేదంటే అంతా పాత పేపరోడికి ఏసేస్తా, మళ్ళీ కలం పట్టను" అని చెప్పి బస్సెక్కి వెళ్ళిపోయాడు. మా మామ ఉత్తమాట అనే మనిషి కాదని మా ఇద్దరికీ తెలుసు.

పెద్దమ్మ పుస్తకాల కట్ట విప్పింది. ఆ మర్నాటి నుంచి కొసరు అంటే ఆ ఒక్క పుస్తకమే. తమ్ముడు రాశాడన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పనివ్వలేదు, మొహమాటానికి చదివిన చదువు లెక్కలోకి రాదంది. పుస్తకాలు పోయినట్టే పోయి వచ్చేవి. ఆపిన చోట గుర్తుగా బస్సు టికెట్టు, పూలదారం, జాకెట్టు గుడ్డ పేలిక, ఏది చేతికందితే అది పెట్టి తెచ్చేవాళ్ళు. ఒకరోజు పెద్దమ్మ వాటన్నిటినీ తెరిచి వరసగా బెంచీ మీద పరిచింది. దాదాపు అందరూ ఒకే చోట ఆగారు, గుమాస్తా నీళ్ళలోకి దిగే చోట. అక్కడిదాకా హార్బరు సంగతులు సాగదీసి రాశాడు మామ, దిగేసరికి చదివేవాళ్ళకు ఊపిరి అయిపోయింది. అప్పటి నుంచి పెద్దమ్మ ఆ మొదటి భాగాన్ని తనే నోటితో నాలుగు మాటల్లో చెప్పి, నీళ్ళలోకి దిగే పేజీ తెరిచి, ఇక్కడి నుంచి నువ్వు చదువుకో అని అందించడం మొదలుపెట్టింది. పేలికలు ముందుకు జరిగాయి, చివరి పేజీకి మాత్రం ఒక్కటీ చేరలేదు. ఆకాశం మబ్బు పట్టడం మొదలైంది.

మా సందు చివర మేడ మీద ఆడపిల్లలకు కుట్టుపని నేర్పే ఒకావిడ ఉండేది, అందరం టీచరక్క అనేవాళ్ళం. తాతల కాలం నుంచి ఇక్కడున్న తెలుగువాళ్ళే. తమిళ వారపత్రికలు తీసుకెళ్ళేది, పెద్దమ్మ ఇచ్చిన కొసరు ఎప్పుడూ కాదనకుండా పట్టుకెళ్ళేది, ఎక్కడిదాకా వచ్చిందంటే సగం అయిందనేది. నెలలు గడిచినా సగమే. ఉండబట్టలేక పెద్దమ్మ ఒకనాడు ఆ సగంలో ఏముందో చెప్పమని పట్టుబట్టింది. "నాకు తెలుగు చదవను రాదక్కా. మాట్లాడతా, అంతే. ఇస్కూల్లో అంతా తమిళమే దా. నువ్వు అంత ఆశగా ఇస్తావు, వద్దని ఎట్ల చెప్పేది" అని తలవంచుకుంది. ఇన్నాళ్ళూ ఆ పుస్తకాన్ని ఇంట్లో దేవుడి పటం పక్కన పెట్టి, గడువు రాగానే తుడిచి తెచ్చేదట. ఇంటిభాష ఉండి అక్షరాలు లేని వాళ్ళు మా వాళ్ళలో ఎంతమందో అప్పటిదాకా మా ఇద్దరికీ తట్టనే లేదు.

పెద్దమ్మ పుస్తకం ఆమె చేతిలోంచి తీసుకుని నా చేతిలో పెట్టింది. ఆ సాయంకాలం నుంచి లైబ్రరీ మూయగానే నేను మేడ మీదికి వెళ్ళి చదివి వినిపించేదాన్ని. మొదటి రోజు మిషన్ల చప్పుడులో నా గొంతు నాకే వినపడలేదు. గుమాస్తా నీళ్ళ అడుగుకు చేరేసరికి ఒక్కొక్క మిషనూ ఆగింది. ఆ పిల్లల్లోనూ సగం మంది తెలుగువాళ్ళే, తెలుగు పుస్తకం ముట్టనివాళ్ళే. అర్థం కాని మాట వస్తే టీచరక్క తమిళంలో అందించేది. వానలు మొదలయ్యే వారంలో పుస్తకం అయిపోయింది.

మామను పిలిపించాం. వచ్చి సంగతి విని, విన్నది చదివినట్టు కాదక్కా అన్నాడు. పెద్దమ్మకు కోపం వచ్చి మాట పెరగబోతుండగా టీచరక్క పత్రిక తిరిగివ్వడానికి వచ్చింది. రాసిన మనిషి ఇతనేనని తెలియగానే పత్రిక బెంచీ మీద పడేసి నేరుగా ఆయన ముందు నిలబడింది. "పైకి వస్తా వస్తా వాళ్ళ దీపం ఎత్తుకొచ్చేసినాడే మీవాడు, ఆడ కింద ఉండేవాళ్ళకి ఇప్పుడు ఏంది గతి? చీకట్లో ఎట్ల వండుకుంటారు, ఎట్ల కుట్టుకుంటారు?" అని నిలదీసింది. అది కథమ్మా అన్నాడు మామ. "కథైతే ఏంది, మనుషులే కదా" అంది.

మామ గుమ్మం వైపు నడిచాడు. బయట మొదటి వాన పడుతోంది, మేం ముగ్గురం బెంచీ కింది పుస్తకాలు తీసి పైకి సర్దుతుంటే ఆయన గుమ్మంలో నిలబడి సందులో నీళ్ళు చేరడం చూస్తూ ఉండిపోయాడు. పాత పేపరు మాట మళ్ళీ ఎత్తలేదు. మరుసటేడు రెండో నవల తెచ్చాడు, అది సముద్రం అడుగున చీకట్లో వేళ్ళతో తడుముకుంటూ బట్టలు కుట్టే ఒకావిడతో మొదలవుతుంది. కళ్ళు మసకబారేదాకా రాస్తూనే ఉన్నాడు, ప్రతిదీ తనే అచ్చు వేయించుకున్నాడు, ప్రతిదీ కొసరుగానే పోయింది. పేరు రాలేదు. రాలేదని ఆయన బాధపడినట్టు నేను చూడలేదు.

అందుకే నిన్న అంబత్తూరు అమ్మాయికి స్టార్లు పెట్టలేదు. మధ్యాహ్నం తలుపు వేసుకుని కూర్చుని, ఫోన్‌లో రికార్డు చేస్తూ ఆ పుస్తకంలో ఏముందో చెప్పాను. యంత్రాల వర్ణన మొదట్లో ఎక్కువైందనీ, ఓపిక లేనివాళ్ళకు పట్టదనీ చెప్పాను. ఆ భాగమంతా నోటితో దాటించి, భూమికి తిరిగివెళ్ళే బండి ఒకామెను వదిలేసి బయలుదేరే చోటి నుంచి చదివి వినిపించాను. మా ఇంట్లో ఇప్పుడు తెలుగు చదవగలిగింది నేనొక్కదాన్నే. ఆ రోజుల్లో అక్షరాలు రాకపోవడం టీచరక్కకు తలవంపు, ఇప్పటి పిల్లలకు అది ఒక లోటని కూడా తోచదు, అది తలుచుకుంటే నాకు దిగులేస్తుంది. పుస్తకాలు రాసేవాళ్ళు తగ్గలేదు, సూపర్ అనేవాళ్ళూ తగ్గలేదు. కడదాకా విని వచ్చి రాసినవాళ్ళను నిలదీసేవాళ్ళే కరువయ్యారు. పెద్దమ్మ లేదు, టీచరక్క లేదు, ఆ లైబ్రరీ ఉన్న చోట నగల దుకాణం మెట్లున్నాయి.

రికార్డు చేసింది పంపేశాను. సాయంత్రానికి బొటనవేలి బొమ్మలు కొన్ని వచ్చాయి. దీపం పెట్టే వేళకు మా తమ్ముడి మనవరాలు గదిలోంచి బయటికి వచ్చి, చెవిలోని ఇయర్‌ఫోన్ తీసి చేత్తో పట్టుకుని, నా ముందు నిలబడింది. "అప్పుడు ఆడ ఒంటిగా మిగిలిపోయింది కదా పాటీ, ఆమె ఏమైపోయింది?" అని అడిగింది, నా మీదే కోపమొచ్చినట్టు. నేను ఫోన్ తీసి, ఆ ప్రశ్న ఉన్నదున్నట్టు అంబత్తూరుకు పంపించాను.