ఏడుపు పాటలో నా పేరు

పాటలు, బొమ్మలతో జరిగే రెండు రోజుల వేడుకకని కాకినాడ నుంచి బాన్సువాడ వెళ్లాను. రెండో రోజుకే ఇంటికి పోవాలని కాలు నిలవలేదు. మాటిమాటికీ ఫోనులో తిరుగు బస్సులు చూస్తున్నాను. ఇంతలో నా పక్కనే కూర్చుని పాడుతున్న లంబాడీ తండా ఆవిడ వెక్కివెక్కి ఏడ్చింది. కంగారుగా నీళ్ల సీసా అందించాను.

"ఏమైందమ్మా?"

ఆమె కళ్లు తుడుచుకుని నవ్వింది. "ఏం గాలే అక్కా. మా దాంట్ల పెండ్లిపిల్ల ఏడ్సుడు గూడ పాటనే. ముందుగాల్నే నేర్పిస్తరు. నీ పెండ్లికి నువ్వేం పాడినవ్?"

"ఏమీ లేదు. ఏడిస్తే మేకప్ పోతుందన్నారు. నవ్వుతూ అత్తారింటికి కారెక్కాను."

"అయ్యో, గట్లెట్ల పోతవ్? నీ పేరేంది?"

చెప్పాను. నా మెడ చుట్టూ చేతులు వేసి, నా పేరు కలిపి మళ్లీ పాట ఎత్తుకుంది. మాటలు అర్థం కాలేదు. కానీ ఆ పాటలో నా పేరు వినగానే, ఇన్నేళ్లకు, నాకు ఏడుపొచ్చింది.