జాగ అడిగిపెట్టిన పెద్దమ్మ

పోయిన వారం గద్వాలలో పెళ్లి వీడియో తీస్తుండగా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, పెద్దమ్మ పోయింది. పొద్దున చాయ్ తాగుకుంట కూసున్న కాడనే ఒరిగిందంట. దవాఖానకు తీస్కపోయేదాకా గూడ ఆగలే" అన్నాడు. తలంబ్రాలు అయ్యేదాకా నేను కెమెరా దించలేదు. దించే వీలు లేదు. తర్వాత వనపర్తి బస్సెక్కాను.

ఆమె మాకు చుట్టం కాదు, పక్కింటి మనిషి. బస్సు కండక్టర్‌గా పనిచేసి రిటైరైంది. అంతిమయాత్రకు ఊళ్లోని బ్యాండ్ మేళం వాళ్లు పిలవకుండానే వచ్చి ముందు నడిచారు. నేను వీడియో తీయలేదు. తీయాలని అనిపించలేదు కూడా.

నేనూ తమ్ముడూ పెళ్లిళ్ల వీడియోలతో బతుకుతాం. పని లేని రోజుల్లో ఈ చుట్టుపక్కల బ్యాండ్ మేళాలనూ, డప్పు బృందాలనూ, చర్చిలో గిటార్ వాయించే పిల్లలనూ తీసుకెళ్లి, ఎవరూ వాయించని చోట వాయింపజేసి వీడియోలు తీస్తాం. ఊరేగింపులో వాళ్ల ముందు అందరూ ఎగురుతారు గాని ఎవరూ వినరు. గోడల మధ్య నిలబెడితే వింటారేమోనని మా ఆశ. కష్టమంతా చోటు దొరకడంలోనే ఉంటుంది.

మొదటిసారి ఆత్మకూరులో ఒక గోదాం అడగబోయి ఉత్తచేతులతో తిరిగొచ్చాం. అరుగు మీద చిక్కుడుకాయలు తుంచుతున్న పెద్దమ్మ మా ముఖాలు చూసి, "ఏమని అడిగిన్రు?" అంది.

"వీడియో తీసుకుంటమని."

"గట్ల అడిగితె ఎవరిస్తరు బిడ్డా? గోదాముల ఏముందో తీసి ఎవరికన్న చూపిస్తరని భయపడ్తడు. పాట పాడిస్తమని అడగాలె."

మర్నాడు మాతో తనే వచ్చింది. గోదాం ఆయన ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. కాలేజీ రోజుల్లో బస్సు మెట్ల మీద వేలాడుతుంటే చెయ్యి పట్టి లోపలికి గుంజిన కండక్టరమ్మ ఈమేనట. తాళం చెవి చేతికిచ్చి, తను భోజనానికి వెళ్లిపోయాడు.

అప్పటినుంచి జాగ అడిగే పని ఆమెదే అయింది. కట్టి ఇంకా నీళ్లు నింపని ట్యాంకు, సామాను ఖాళీ చేసిన దుకాణం, పంట లేని రోజుల్లో పత్తి మిల్లు, అన్నీ ఆమె మాటతోనే తెరుచుకున్నాయి. వాయించేటప్పుడు మాత్రం ఒక్కసారి కూడా వాళ్ల వైపు చూసేది కాదు. వీపు అటు పెట్టి, రోడ్డు వైపు నిలబడి, వచ్చే బండిని వచ్చినట్టు ఆపేది. "ఆగు నాయనా, పాట అయిపోనీ." సంచిలో బొరుగులు తెచ్చేది. అందరికంటే ముందు పెద్ద డోలు మోసేవాడికి పెట్టేది, బరువు మోసేటోనికే ముందు ఆకలైతదని. బాగా వాయించారా అని అడిగితే, "నాకు పాట సంగతి తెల్వదు. ఎవరూ తొందర పెట్టకుండ వాయించిన్రు, గది చాలు" అనేది.

తిమ్మాజిపేట దారిలోని పల్లి మిల్లు విషయం చెప్పాలి. గోపాల్‌పేట వైపు నుంచి డప్పు బృందం వచ్చింది. మరుసటి రోజు వాళ్లంతా పుణెలో కట్టడం పనికి వెళ్లిపోతున్నారు. అంటే మళ్లీ దసరాకే. అంతా సిద్ధమయ్యాక మిల్లు యజమాని పెద్దమ్మను పక్కకు పిలిచి, "వాళ్లను ఎనక గేటు నుంచి రమ్మను. ఆఫీసు ముంగట నుంచి వద్దు" అన్నాడు.

ఆమె ఆ మాటను దాచలేదు. నేరుగా బృందం పెద్ద దగ్గరికి వెళ్లి చెప్పింది.

"మాకు అలవాటేనమ్మా" అన్నాడాయన.

"మీకు అలవాటైందేమో. నాకు కాలే. పోదాం పాండ్రి."

ఆయన కదల్లేదు. "నువ్వు కోపం జేస్కొని పోతవ్. పోయేది మా పాట గద? రేపు పొద్దున మేము బండెక్కుతున్నం" అన్నాడు మెల్లగా.

పెద్దమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత అంది: "జర నా మాట ఇనుర్రి. ఇంకో జాగ ఉన్నది. అది మీకు నచ్చకుంటె మల్ల ఈడికే వద్దాం. ఎనక గేటు నుంచి మీ ఎంబడి నేను గూడ వస్త."

అది పెద్ద కాలువ కింద బండ్లు పోవడానికి వేసిన దారి. పైన నీళ్లు, కింద చల్లటి సిమెంటు గోడలు. బృందం పెద్ద లోపలికి వెళ్లి ఒక్క దెబ్బ వేసి ఆగాడు. శబ్దం అటు చివరిదాకా పోయి తిరిగొచ్చింది. మిగతావాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఈడనే" అన్నాడాయన. గడ్డి మంట వేసి, తోలు బిగిసేలా డప్పులు కాచుకున్నారు.

మేం తీసినవాటిలో ఇప్పటికీ అందరూ అడిగేది ఆ వీడియోనే. కొన్నాళ్లకు మిల్లు యజమాని బజార్లో కనబడి, "మా మిల్లుల తీసుంటె ఇంకా మంచిగొస్తుండె" అన్నాడు. "ముంగటి గేటు తెరువు, తీస్తం" అంది పెద్దమ్మ. ఆయన తెరవలేదు. మేమూ మళ్లీ అడగలేదు.

ఆ రోజు కాలువ కింద తీయడం అయిపోయాక, బృందం పెద్ద తన డప్పు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. వద్దు వద్దంటూనే ఒక దెబ్బ వేసింది. అప్పుడే అటు చివర నుంచి గొర్రెల మంద లోపలికి వస్తోంది. ఆ చప్పుడుకు మంద మొత్తం ఆగిపోయింది. పెద్దమ్మ నాలుక కరుచుకుని గోడకు ఆనుకుంది. "పోనీ, పోనీ. రైట్ రైట్!" అంది గొర్రెల కాపరితో. ముందున్న గొర్రె కదిలింది, తర్వాత అన్నీ. ఆమె చీర కుచ్చిళ్లను రాసుకుంటూ మంద పోతూనే ఉంది. వాటికి తగలకుండా డప్పును రెండు చేతులతో తలకంటే పైకెత్తి పట్టుకుని, ఆ దుమ్ములో నవ్వుతూ నిలబడి ఉంది.