లంకవాళ్ళు రాని మూడు మంగళవారాలు

2003 ఏప్రిల్ 8, మంగళవారం, ఉదయం తొమ్మిది గంటలకు రాజోలు ప్రాంతంలోని మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో షుగరు, బీపీ రోగుల క్లినిక్ మొదలైంది. నేనప్పుడు అక్కడ మహిళా హెల్త్ సూపర్‌వైజర్ని. నా పైన వైద్యాధికారి, కింద ఏఎన్ఎంలు. క్లినిక్ నిర్వహణ మాత్రం పూర్తిగా నాది.

పద్ధతి ఇది. రెండు వారాలకొక మంగళవారం రోగి పరగడుపున రావాలి. రక్తం ఇచ్చి, మాత్ర వేసుకుని, వెంట తెచ్చుకున్న టిఫిను తినాలి. డాక్టరుగారికి చూపించుకుని పద్నాలుగు రోజుల మందు తీసుకెళ్ళాలి. మందు ఎప్పుడూ మేం అడిగినదానికన్నా తక్కువే వచ్చేది. అందుకని ఒక నియమం పెట్టాను: వరసగా మూడుసార్లు రాకపోతే కార్డు రద్దు, ఆ మందు కార్డు కోసం కాచుకున్నవాళ్ళలో తర్వాతి పేరుకు. వచ్చినవాళ్ళ గడిలో నీలం సిరాతో టిక్కు, రానివాళ్ళ గడిలో ఎర్రసిరాతో ‘రాలేదు’. పైనుంచి వచ్చిన ఉత్తర్వు కాదది, నా సొంత నియమం.

మా పరిధిలో ఉప్పుటేటికి అవతల ఒక లంక ఉంది. అక్కడి ఏఎన్ఎం పోస్టు అప్పటికి ఏడాదిగా ఖాళీ. ఆ లంక నుంచి పదకొండు కార్డులుండేవి. జూలై 1 వరకు జరిగిన ఏడు క్లినిక్కులకూ పదకొండు మందీ వచ్చారు. డెబ్భై ఏడు టిక్కులు. అంత క్రమంగా వచ్చిన ఊరు మరొకటి లేదు. జూలై 15న ఒక్కరూ రాలేదు. 29న కూడా అంతే. ఆగస్టు 12న పన్నెండున్నరకు క్లినిక్ ముగిసింది. ఒంటిగంటకల్లా పదకొండు కార్డులూ రద్దు చేసి, సంతకం పెట్టి, భోజనానికి వెళ్ళాను.

ఆగస్టు 25, సోమవారం, అమలాపురంలో సమీక్షా సమావేశం. అక్కడి పెద్దాసుపత్రి క్యాజువాలిటీ డాక్టరు తన రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టారు. పన్నెండు రోజుల్లో మా లంకవాళ్ళు ముగ్గురు. ఒకరికి బీపీ పెరిగి మాట పడిపోయింది. ఒకరు షుగరు హెచ్చి స్పృహ లేకుండా వచ్చారు. మూడోది పల్లాలమ్మ, యాభై రెండేళ్ళ మనిషి, కొబ్బరిపీచు తాడు పేనేది. కాలికి గుచ్చుకున్న మేకు పుండై, కుళ్ళి, కాకినాడ పంపితే కుడికాలు మోకాలి కిందనుంచి తీసేశారు.

నేను నా రిజిస్టరు తెరిచి ఎర్రగళ్ళు చూపించాను. మేం మందు ఇవ్వకపోలేదని, వాళ్ళే రాలేదని చెప్పాను. ఆయన గళ్ళన్నీ చూసి, “ఎందుకు రాలేదో ఎక్కడ రాసేరండీ?” అన్నారు. ఆ గడి నా రిజిస్టర్లో లేదు.

రెండు రోజుల తర్వాత, 27వ తేదీ బుధవారం, ఉదయం పదింటికి ఏరు దాటాను. నేను కొత్తపేటలో పుట్టి పెరిగినదాన్ని. కాలవలు తెలుసు గాని పోటూ పాటూ తెలియవు. పోటంటే సముద్రపు నీరు ఏట్లోకి ఎక్కడం, పాటంటే దిగిపోవడం. నాలుగిళ్ళు తిరిగాను. ఎందుకు రాలేదని ఎక్కడ అడిగినా, “ఆయ్, కుదర్లేదండి” అన్నారే గాని విషయం చెప్పలేదు. రెండింటికి తిరిగి రేవుకొస్తే పడవ బురదలో ఒరిగి ఉంది. నీరు నడిమధ్య పాయలో మాత్రం మిగిలింది.

కార్డు పోయినవాళ్ళలో ఒకరైన మంగమ్మ గట్టున పీచు ఆరబెడుతోంది. “కూచోండి సూపర్‌వైజరమ్మగారూ, ఆరింటికి గాని కదలదు. ఇవేళ మీ పేరెదర ఎర్రసిరా ఎవరు పెడతారండీ?” అంది. పక్కవాళ్ళు కొంగులు అడ్డుపెట్టుకుని నవ్వారు.

తర్వాత అసలు సంగతి చెప్పింది. జూలై 1న క్లినిక్ నుంచి తిరిగొస్తే పడవ ఇలాగే బురదలో పడింది. పొద్దున మాత్ర వేసుకున్న పదకొండు మందీ మధ్యాహ్నం అన్నం లేకుండా క్లినిక్ వైపు గట్టున నాలుగు గంటలు కూర్చున్నారు. మంగమ్మకు షుగరు పడిపోయి కళ్ళు తిరిగితే ఎవరో బెల్లంముక్క నోట్లో పెట్టారు. ఆ తర్వాత ఎవరికీ ధైర్యం చాలలేదు.

నాకెందుకు చెప్పలేదని అడిగాను. “మీరు ఆ పెన్ను పట్టుకుని తలెత్తకుండా కూచుంటే ఎవరు చెప్తారండీ?” అంది.

పడవ నడిపే వెంకన్న మిగతాది వివరించాడు. “పున్నానికీ అమాసకీ మజ్జానం పెద్ద పాటండి, అడుగు కనపడిపోద్ది. అష్టమికి నీళ్ళు అట్టే లాగవు, రోజంతా పడవ తేలే ఉంటాది. మీ మంగళారాలన్నీ వచ్చి అమాసకీ పున్నానికే తగులుకున్నాయండి.”

ఇంటికెళ్ళి పంచాంగం ముందు పెట్టుకుని లెక్క వేశాను. పక్షానికి దాదాపు పదిహేను రోజులు, నా క్లినిక్కుకు పద్నాలుగు. తేడా ఒక్క రోజు కూడా లేదు. ఏప్రిల్లో అష్టమి దగ్గర మొదలైన మంగళవారం కొద్దికొద్దిగా జరుగుతూ జూలైకి పెద్దపాటుకు చేరింది. ఒకసారి పెద్దపాటుకు తగిలిందంటే మూడు నెలలు దాన్ని వదలదు. జూలై 29 అమావాస్య. ఆగస్టు 12 పౌర్ణమి. నేను ఏరు దాటిన రోజు కూడా అమావాస్యే.

ఆ వారమే పదకొండు కార్డులూ తిరిగి రాశాను. వైద్యాధికారి అనుమతితో లంకవాళ్ళకు అష్టమికి దగ్గరి పనిరోజు కేటాయించాను. రిజిస్టర్లో ‘కారణం’ అని ఇంకో గడి గీశాను. క్యాజువాలిటీ రిజిస్టరు నెలకోసారి వెళ్ళి చూడటం అప్పుడే మొదలుపెట్టి, పదవీ విరమణ దాకా మానలేదు. మా దగ్గర రాలేదని రాసినవాళ్ళు అక్కడ వచ్చినట్టు ఉంటారు. రెండూ కలిపితేనే ఒక రిజిస్టరు.

డిసెంబరులో పల్లాలమ్మ కర్ర ఊతంతో వచ్చింది. “రెండు కాళ్ళున్నప్పుడు రాలేదని కార్డు తీసేసేరు. ఒంటికాలితో వచ్చేను, బాగా రాసుకోండి” అంది. రాసుకున్నాను, నీలం సిరాతో.

హాజరు పట్టిక రోగి ఎక్కడ లేడో చెబుతుంది, ఎక్కడున్నాడో చెప్పదు. ఇది నేను నేర్చుకున్నది. కోల్పోయినవి: మూడు క్లినిక్కులు, ముప్పై మూడు హాజర్లు, ఒక మనిషి మాట, ఒక మనిషి కుడికాలు. స్పృహ తప్పినవాడు బతికాడు.