ఏడో నంబరు పిట్ట

దయ్యాలకు భయపడేంత తీరిక నాకెప్పుడూ లేదు. తెల్లారకుండా లేచి, మూడు క్యారేజీలు కట్టి, సికింద్రాబాద్ కార్ఖానాలో మా ఇంటి నుంచి బేగంపేటలో ఆఫీసుకు పరుగెత్తే మనిషిని. ఎవరైనా మా మేడ మీద రాత్రిళ్లు ఏదో తిరుగుతోందంటే, పిల్లి అయ్యుంటుంది, పాలగిన్నె మీద మూత పెట్టుకోండి అనేదాన్ని. ఇప్పటికీ అదే అంటాను. కానీ మొన్న చలికాలం చివర్లో ఒక ఆదివారం జరిగినదాన్ని పిల్లి మీదకు నెట్టేయడం నా వల్ల కావడం లేదు.

ముందు మా అమ్మ సంగతి చెప్పాలి. అమ్మకు చెముడు. రెండు చెవులకూ మిషన్లు కొన్నాం. పెట్టుకోదు. పెళ్లినాటి నగలా డబ్బాలో పెట్టి బీరువాలో దాస్తుంది. వాడకపోతే ఉన్న కాస్త వినికిడీ పోతుంది, పోయింది మళ్లీ రాదు అని డాక్టరు నా ఎదురుగానే చెప్పారు. ఆ తర్వాత నెల తిరక్కుండానే, మెయిన్ రోడ్డు మీద వెనక బస్సు హారన్ కొడుతూనే ఉంటే ఈవిడ తాపీగా అడ్డంగా నడిచింది. ఎవరో పుణ్యాత్ముడు చెయ్యి పట్టి లాగాడు కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను.

ఆ రోజు తిట్టాను, ఏడ్చాను, చివరికి కాళ్లు కూడా పట్టుకున్నాను. ఆవిడది ఒకటే మాట.

"మీ నాన్నే ఎల్లిపోయాక నాకు ఇనాల్సినదేటుందే?"

నాన్న రైల్వేలో గార్డు. శ్రీకాకుళం నుంచి ఉద్యోగానికి సికింద్రాబాద్ వచ్చి, అమ్మానాన్నల్ని కూడా తెచ్చుకుని రెండు గదుల క్వార్టర్లో కాపురం పెట్టారు. పెద్దవాళ్ల ముందు పెళ్లాన్ని పేరు పెట్టి పిలవడం మా ఇళ్లలో సిగ్గు. అందుకని వీధి మలుపులోకి రాగానే మెడలో ఉన్న డ్యూటీ ఈల తీసి ఊదేవారు. ఒకటి పొడుగ్గా, వెంటనే రెండు పొట్టిగా. వంటింట్లోంచి అమ్మ "వస్తన్నానండి" అని, చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వెళ్లి గేటు తీసేది.

తాతయ్య పోయారు, నానమ్మ పోయింది, నాన్న రిటైరయ్యారు, సిగ్గుపడాల్సిన వాళ్లెవరూ మిగల్లేదు. ఈల మాత్రం మిగిలింది. సాయంత్రం ఆరింటికి వాకింగ్ నుంచి వస్తూ కూడా వీధి మలుపులో ఊదాల్సిందే. అపార్ట్‌మెంట్ వాళ్లు నవ్వుకుంటున్నారు నాన్నా అని నేనెంత మొత్తుకున్నా వినలేదు. ఆయన పోయి రెండేళ్లయింది. ఆ ఈల ఇప్పుడు ఆయన ఫొటో కింద ఉంది.

ఇక ఆదివారం. ఏడో తరగతి చదివే మా అమ్మాయి దీపు శనివారం రాత్రి అన్నం తింటూ చావు కబురు చల్లగా చెప్పింది. ప్రకృతి విద్యా కేంద్రానికి వెళ్లి పది పక్షుల కూతలు విని, ఏది ఎలా కూస్తుందో నోట్‌బుక్కులో రాసి సోమవారం ఇచ్చేయాలట. నెల కిందటే చెప్పారట. నెల కిందట! ఆ వారం మా ఆయన ఊళ్లో లేరు. ఇంట్లో ఒక్కదాన్నే వదలలేక అమ్మను కూడా బయల్దేరదీశాను. మిషన్లు పెట్టుకున్నావా అని చెవి దగ్గర అరిస్తే, పెట్టుకున్నానని తలూపింది. చెవుల మీదుగా కొంగు కప్పుకుని ఉంది. నమ్మాను. నా ఖర్మ.

ఆ కేంద్రం కంటోన్మెంట్ వైపు, చెట్ల మధ్య బాగానే ఉంటుంది. కానీ సీతాకోకచిలుకల తోటలో ఒక్క సీతాకోకచిలుకా లేదు. వానపాముల ఎరువు గుంత దగ్గర అమ్మ ముక్కు మూసుకుని కూడా అక్కణ్ణుంచి కదల్లేదు, మా తాతల నాటి పెంటకుప్పకు టికెట్టేమిటని ఆవిడ ఆశ్చర్యం. పక్షుల బోర్డు దగ్గరికి చేరేసరికి పదకొండు దాటింది.

పెద్ద చెక్క బోర్డు. పది పిట్టల బొమ్మలు, ఒక్కో దాని కింద ఒక్కో బటన్. నొక్కితే ఆ పిట్ట కూత వినపడాలి. దీపు నొక్కింది. ఉలుకూ లేదు పలుకూ లేదు. అక్కడ పిల్లలకు అన్నీ చూపించే సారు పరుగెత్తుకొచ్చారు.

"కరెంట్ పోయింది మేడం. ఉన్నా సుత గా బోర్డు పని చెయ్యది. స్పీకర్ రిపేర్‌కు పోయి శాన రోజులైంది."

"మరి బయట రాసి పెట్టొచ్చు కదండీ? చంటిపిల్లల్నీ ముసలివాళ్లనీ వేసుకుని వస్తాం!"

"ఏం జెయ్యాలె మేడం, మేం సుత చెప్పి చెప్పి పరేషాన్ అయితున్నం."

ఆయన మీద అరిచి లాభం లేదు. నాకు ఒళ్లు మండిపోతోంది. అమ్మ దూరంగా, బోర్డుకు వీపు పెట్టి సిమెంటు బల్ల మీద కూర్చుంది. వెళ్దాం రా అని నాలుగుసార్లు గొంతు చించుకున్నాను. తల కూడా తిప్పలేదు. అప్పుడర్థమైంది నాకు, మిషన్లు పెట్టుకోలేదని. అందరి ముందూ తిట్టడానికి నోరు తెరిచాను. ఇటు దీపు మొండిగా బటన్లు వరసగా నొక్కుతూనే ఉంది.

ఏడో బటన్ నొక్కగానే ఈల వినపడింది. ఒకటి పొడుగ్గా, వెంటనే రెండు పొట్టిగా.

గట్టిగా ఏమీ లేదు. వీధి మలుపులోంచి వచ్చినంతే వచ్చింది.

నేను గొంతు చించుకున్నా వినపడని మా అమ్మ లేచి నిలబడింది. "వస్తన్నానండి" అంది. కొంగుకు చేతులు తుడుచుకుంటూ, వెనక్కి చూడకుండా, గేటు వైపు నడవడం మొదలుపెట్టింది.

సారు నా మొహం చూశారు, బోర్డు చూశారు. "గిది ఎట్ల మోగింది?" అంటూ వెనక తలుపు తీసి చూపించారు. స్పీకర్ ఉండాల్సిన చోట గుండ్రటి కన్నం, అందులో బూజు. తెగిన వైర్లు రెండు వేలాడుతున్నాయి. మళ్లీ ఏడో బటన్ ఆయనా నొక్కారు, నేనూ నొక్కాను. ఏమీ లేదు.

వాచ్‌మన్ ఊదాడేమోనని అడిగాను. అతని దగ్గర కర్ర తప్ప ఈల లేదు. రైలు పట్టాలు ఎంత దూరమో ఫోన్లో మ్యాప్ తీసి చూశాను. అంత దూరం నుంచి వినపడే ఈల కాదది. ఫొటో కింద ఉన్న ఈలను అమ్మే తెచ్చుకుని ఊదిందేమోనని, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆవిడ సంచి లాక్కుని తిరగేశాను. చేతిరుమాలు, వక్కపొడి, చెవి మిషన్ల డబ్బా. మూత తీస్తే రెండూ లోపలే ఉన్నాయి. ఇంటికెళ్లి చూస్తే ఈల దాని చోట అది ఉంది.

గేటు దగ్గర అమ్మ చాలాసేపు నిలబడింది. ఆటో ఎక్కాక ఒకే మాట అడిగింది.

"నువ్వూ ఇన్నావేటే?"

విన్నానని తలూపాను. అంతే, ఇల్లు చేరేదాకా చిన్నపిల్లలా నా చెయ్యి వదల్లేదు. అప్పుడు మాత్రం ఏడుపు ఆపుకోలేకపోయాను.

దీపు నోట్‌బుక్కులో పది గళ్లలో తొమ్మిది ఖాళీ. ఏడో గడిలో "ఒకటి పొడుగు, రెండు పొట్టి" అని రాసింది. వాళ్ల టీచరు దానికి రైట్ కొట్టి పంపింది. ఆ పిట్ట పేరేమిటో ఆవిడ అడగలేదు. బొమ్మ కింద ఏం రాసి ఉందో నేనూ చూడలేదు.

మర్నాటి నుంచి అమ్మ పొద్దున్న లేస్తూనే మిషన్లు పెట్టుకుంటోంది. ఉన్న కాస్త వినికిడీ పోకూడదని ఇప్పుడు ఆవిడకే భయం పట్టుకున్నట్టుంది. సంతోషించాలి కదా? వంటింట్లో నేను గొణుక్కునే ప్రతి మాటా ఇప్పుడు ఆవిడకు వినపడుతోంది, ప్రతిదానికీ సమాధానం వస్తోంది. పోనీ రోడ్డు మీద హారన్ వింటోంది కదా అని సరిపెట్టుకుంటున్నాను.

కానీ సాయంత్రం ఆరు కావస్తోందంటే రెండూ తీసి డబ్బాలో పెట్టేసి, వీధి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. పావుగంట. నేను మళ్లీ మొదలుపెట్టాను, ఎందుకు తీస్తావమ్మా, మొదటికే వచ్చిందా కథ అని. నా పెదాలు చూసి అర్థం చేసుకుంది.

"అవి పెట్టుకుంటే మీ గోల ఇనపడతాదే. మీ నాన్నది అవి నేకుండానే ఇనపడింది గదా."

ఆ ఈల మళ్లీ వినపడలేదు. వినపడితే ముందు ఆవిడకే వినపడాలి. దయ్యాలున్నాయంటే నేనిప్పటికీ ఒప్పుకోను. కానీ ఆరింటికి మా ఇంట్లో మిక్సీ వేయను.