తొట్టి ముందు ఆగిన చెయ్యి

ఉడికిన పట్టుగూళ్ల వాసన ఒకసారి పట్టిందంటే చీరకూ తలకూ అంటుకుని ఇంటిదాకా వస్తుంది. మొన్న పుంగనూరు నుంచి మదనపల్లెకు వస్తుంటే బస్సు కిటికీలోంచి ఆ వాసన వచ్చింది. వెంకటప్ప సారు గుర్తొచ్చారు. నేను ఐదో తరగతితో చదువు ఆపినదాన్ని. ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. ఆయన్ను చూడనివాళ్లకు అర్థమయ్యేలా రాయగలనో లేదో.

డెబ్బైల చివర్లో నేను మదనపల్లెలో పట్టుదారం తీసే షెడ్డులో పనిచేసేదాన్ని. గూళ్లను ఉడికే నీళ్ల తొట్టిలో వేసి, కొస పట్టుకుని దారం లాగాలి. లోపలి పురుగు ఆ నీళ్లలోనే చచ్చిపోతుంది. దాని గురించి ఎవరమూ ఆలోచించేవాళ్లం కాదు. షెడ్డు పక్కిల్లే సారుది. రిటైరైన హైస్కూలు టీచరు. ఆదివారం మధ్యాహ్నాలు అరుగు మీద కూర్చుని కాలేజీ పిల్లలకు తూర్పుదేశాల మతాల గురించి చెప్పేవారు. ఒక నెల బౌద్ధం, ఒక నెల జైనం, తర్వాత సిక్కులు, చైనావాళ్ల పాత నమ్మకాలు. ఒక ఆదివారం తాగే నీళ్లకని వాళ్లింటికి పోయి నేను అక్కడే నిలబడిపోయాను.

"యాల నిలబడుకోని ఉండావమ్మా? కూర్చో. ఈడ ఫీజూ లేదు, పరీక్షా లేదు" అన్నారు.

ఏ మతమైనా మూడే అడగాలనేవారు: వాళ్లు ఏం నమ్ముతారు, పొద్దున లేచి ఏం చేస్తారు, ఎందుకు చేస్తారు. మంచిదా చెడ్డదా అని అడగనిచ్చేవారు కాదు. "దేవుడు లేని మతంలో ప్రసాదం ఉంటాదా సార్?" అని ఒక పిల్లాడు అడిగితే, "నీకు మతం కంటే ప్రసాదం మీదే గురి ఉండాదప్పా" అన్నారు.

జైనం నెలలో, వాళ్ల సన్యాసులు పురుగు కాలికింద పడకుండా మెత్తటి చీపురుతో దోవ ఊడ్చుకుంటూ నడుస్తారని చెప్పారు. సంసారులు కూడా ప్రాణం తీసే పనికి దూరంగా ఉంటారట. నా వేళ్ల వైపు చూసుకున్నాను. తొట్టి నీళ్లకు నాని తెల్లగా ఉబ్బి ఉన్నాయి. మరుసటి రోజు పనికి పోలేదు. ఆ తర్వాతా పోలేదు. మా ఆయన జబ్బుతో మంచంలో ఉన్నాడు. ఇల్లు నా కూలి మీదే నడిచేది. శనివారానికి రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానని షెడ్డు ఓనరు కబురు పంపాడు.

శుక్రవారం సారే మా ఇంటికి వచ్చారు. మా అత్త గుమ్మంలోనే నిలదీసింది. "ఏం సామీ, నీ పాఠం విని మా కోడలు సన్యాసుల్లో కలిసిపాయ. సంగటి కూడా నువ్వే పంపిస్తావా?"

సారు భుజం మీద పట్టు కండువా ఉంది. రిటైరైనప్పుడు స్కూల్లో కప్పింది. దాన్ని తీసి చేతిలో పట్టుకున్నారు.

"తప్పు నాదమ్మా. ఇది కప్పుకోనే ఆ పాఠం చెప్పినా. నాకు తట్టనే లేదు. ఈ పొద్దుతో పట్టు కట్టేది మానేస్తా."

"అందరూ మానేస్తే మేమేం తినాల సార్?" అన్నాను.

ఆయన కండువా మడిచి ఒళ్లో పెట్టుకుని గడప పక్కన కూర్చున్నారు. "తెలీదమ్మా" అన్నారు. "పొమ్మనేదానికీ వద్దనేదానికీ నేనెవర్ని? నేను చెప్పింది వాళ్ల నమ్మకం. నీది నువ్వే సూసుకోవాల."

ఒక టీచరు తెలీదని చెప్పడం నేను వినడం అదే మొదలు. శనివారం పనికి పోయాను. ఆదివారం పాఠానికీ పోయాను. సారు నూలు కండువాతో వచ్చారు. జరిగింది పిల్లలకు చెప్పి, మూడు ప్రశ్నలకు నాలుగోది చేర్చారు: ఆ కట్టుబాటు పాటిస్తే ఎవరి కూడు పోతుంది?

ఆయన పోయి చాలా ఏళ్లయింది. షెడ్డులో పనిచేసినన్నాళ్లూ, పొద్దున మొదటి గంప తొట్టిలోకి వంచేముందు నా చెయ్యి కొంచెంసేపు ఆగేది. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగితే తెలీదనే చెప్పేదాన్ని. ఇప్పుడు బియ్యం కడిగేటప్పుడు పురుగు కనబడినా ఆ చెయ్యి అట్లే ఆగుతుంది.