జీపులో పోసిన గచ్చు

మా అత్తింట్లో బరువు లేని వస్తువుకు మర్యాద లేదు. అల్యూమినియం గిన్నె కొన్నా సరే, మా మామ దాన్ని చేత్తో ఎగరేసి పట్టుకుని, "గాలికి లేస్తది" అని పక్కన పెట్టేవాడు. ఆయన తాపీ మేస్త్రి. ఆయన తండ్రి పాలమూరు నుంచి వచ్చి బొంబాయి గోడలకు రాళ్ళు మోశాడు. కామాటిపురలో వరస గదుల మా చాల్‌లో, మూడో అంతస్తు మీద ఒక్క గదిలో మేం ముగ్గురం ఉండేవాళ్ళం. ఆయన తాపీ, రసమట్టం, సుత్తి, ఉలి ఒక గోనెసంచిలో దేవుడి పటం కిందే ఉండేవి. ఎనభైల్లో అలాంటి ఇంటికి ఒక జీపు వచ్చింది.

మిలిటరీ వాళ్ళు వేలం వేసిన పాత జీపు అది. మా ఆయన కోసమని మామ పాడి తెచ్చాడు. మా ఆయనది పరంజా కట్టే పని. బాంబూల మీద కోతిలా తిరిగే మనిషి ఒకనాడు కింద పడ్డాడు, కాల్లో ఇనుప కడ్డీ వేశారు. మళ్ళీ ఎక్కితే కాలి సంగతి తను చెప్పలేనని డాక్టరు అన్నాడు. డ్రైవింగు వచ్చు కాబట్టి బండి ఉంటే బతుకుతాడని మామ ఆలోచన. కసారా దాటాక ఒక గుట్ట మీద నీళ్ళ ట్యాంకు కట్టిస్తున్న సేఠ్ ఒకాయన మామకు తెలుసు. ఆరుగురు కూలీలనూ నీళ్ళ పీపానూ సిమెంటు బస్తాలనూ గుట్ట మీదికి చేర్చే బండి ఆయనకు కావాలి. "నెల తిరిగే లోపల ఒక ఆదివారం ఎక్కించి చూపించు. ఎక్కితే ట్యాంకు అయిందాకా పని నీ కొడుకుదే" అన్నాడట.

ఎక్కకపోతే ఏమిటన్నది మా ఆయన నాకు ముందే చెప్పేశాడు. "మల్ల బాంబూలెక్కుత. ఇంకేం జెయ్యొస్తది నాకు?" బాంబూలు కట్టే కొబ్బరితాడు చుట్ట మా మంచం కిందే ఉండేది. ఆయన మంచాన ఉన్న ఆరు నెలలూ ఊడ్చినప్పుడల్లా నేను దాన్ని చీపురుతో నెట్టేదాన్ని, చేత్తో ముట్టేదాన్ని కాదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కానీ ఆ తాడు మీద నాకున్నది కోపం కాదు, భయం.

జీపును నాగ్‌పాడాలో ఒక ముసలి మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాం. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్ళు. నన్నెందుకు తీసుకెళ్ళారంటే, నేను ధారావిలో క్యాన్వాసు సంచులు కుట్టే కార్ఖానాలో పని చేసేదాన్ని. బండికి పైన గుడారం లేదు, అది నేనే కుట్టాలి. కొలతలు తీసుకుని వచ్చేద్దామని వెళ్ళి, ఆ పూటంతా అక్కడే నిలబడిపోయాను.

ఉస్తాద్ ఒక చెక్కపుల్ల కొసను ఇంజను మీద ఆనించి, రెండో కొస చెవిలో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. వైద్యుడు నాడి చూసినట్టే ఉంది. తర్వాత బండిని నాలుగు దిమ్మల మీదికి ఎత్తించాడు. గేరు వేస్తే వెనక చక్రాలు తిరిగాయి. అందులో నాకేం వింత కనబడలేదు. అప్పుడాయన కింద ఉన్న ఇంకో చిన్న కర్రను లాగాడు. ముందు చక్రాలు కూడా మేలుకున్నాయి. నేల ముట్టకుండా, ఎక్కడికీ పోకుండా, నాలుగు చక్రాలూ ఒక్కసారిగా తిరుగుతుంటే నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. అప్పటిదాకా బండి అంటే ముందు చక్రాలు దారి చూపిస్తాయి, వెనకవి నెడతాయి అనుకున్నాను. నాలుగు కాళ్ళతోనూ కొండను పట్టుకుని పాకే బండి ఉంటుందని ఎవరు చెప్పారు నాకు? చెయ్యి దగ్గర పెడితే గాలి తగిలింది. నోరు తెరుచుకుని చూస్తున్నానని మా ఆయన మోచేత్తో పొడిచాడు.

ఉస్తాద్ మాకు హిందీలో చెప్పింది ఇంతే. నాలుగు వస్తువులు కొనండి: లోతు పళ్ళున్న టైర్లు, ముందు లాగే కొక్కెం, పొగమంచుకు పసుపు దీపాలు, కూర్చునేవాళ్ళకు గుడారం. తుప్పు పట్టిన నేలకు పల్చటి రేకు తాను అతికిస్తాడు. మిగతాదంతా సోకు. ఏది కొన్నా ముందు చేత్తో ఎత్తి చూడండి, అన్నాడు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఆ మర్నాటి నుంచి మామ ఏ పూట ఖాళీ దొరికినా మమ్మల్ని చోర్ బజారుకు లాక్కెళ్ళేవాడు. ఫాక్‌లాండ్ రోడ్డు దాటి ఆ సందుల్లోకి తిరిగితే, ప్రపంచంలోని బండ్లన్నీ విప్పి అక్కడ ఆరబోశారేమో అనిపించేది. గోడ పొడుగునా వేలాడే దీపాలు, పెళ్ళి బ్యాండుకు సరిపోయేన్ని హారన్లు, నా నడుము దాకా వచ్చే టైర్లు. ఒక దుకాణంలో పసుపు గాజు దీపం ముట్టించి చూపించారు. పట్టపగలు నా తెల్ల రవిక పసుపులో ముంచినట్టయింది. ఒక పాత పెట్రోలు డబ్బా మీద ఏ మిలిటరీ పల్టన్‌దో నంబరు ఇంకా చెరిగిపోకుండా ఉంది. అది ఎన్ని కొండలు చూసి వచ్చిందో అనుకుంటూ దాన్ని నిమిరాను. దుకాణం వాడు నేను కొంటాననుకుని ఇంకో రెండు తెచ్చి పెట్టాడు.

ఉస్తాద్ ఎత్తి చూడమన్నది తేలికైనది తీసుకోమని. మా మామ ఎత్తి చూసింది బరువైనది ఏరుకోవడానికి. నేను ఒకసారి గుర్తు చేశాను.

"మామా, ఉస్తాద్ సోకు వద్దన్నడు గదా."

"సోకు గాదు బిడ్డా, మజ్బూత్. బరువున్నదే నిలబడ్తది. మా నాయిన రాళ్ళు మోసిన గోడలు ఇయ్యాల్టికీ ఉన్నయి, జూడు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఉస్తాద్ అతికిస్తానన్న రేకు వానలకు మళ్ళీ తుప్పు పడుతుందని, మామ జీపు నేలను తానే బాగుచేస్తానన్నాడు. తుప్పు రేకు పీకేసి, చువ్వలు అల్లి జాలీ కట్టాడు. దాని మీద కంకర, సిమెంటు కలిపి గచ్చు పోశాడు. అవును, జీపులోనే. మా చాల్ ముందు గల్లీలో జీపును ఆపి, రసమట్టం పెట్టి, తాపీతో నున్నగా తీసి, పైన ఎర్ర రంగు కొట్టాడు. తడి గోనెపట్టాలు కప్పి వారం రోజులు పూటపూటా నీళ్ళు చల్లాం. బండికి నీళ్ళు కట్టడం చూడ్డానికి పక్క గల్లీ వాళ్ళు కూడా వచ్చారు. ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి అక్కడ ఉన్నదెవరు? అందరూ మేస్త్రీలూ కూలీలే. చేత్తో నిమిరి, "వా, ఏక్‌దమ్ అద్దం" అన్నారు.

నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? ఆ ఎర్ర నేల మీద ముగ్గు వేశాను. ఈ మాట చెప్పడానికి నాకిప్పటికీ సిగ్గే, కానీ అంత అందమైన నేల మా గదిలో కూడా లేదు.

గచ్చు బరువుకు, బండిని మోసే వెనక కమాన్లు కుంగాయి. అందుకని ఉస్తాద్ గ్యారేజీలో కమాను పట్టీలు ఇంకో నాలుగు చేర్చారు. వెనక బరువెక్కింది కాబట్టి ముందు కూడా ఉండాలని, రైలు పట్టా ముక్క ఒకటి తెచ్చి బంపరుగా బిగించారు. గోడకు రెండు పక్కలా సమానంగా ఉండాలి కదా మరి. పట్టీలు వేసేటప్పుడు ఉస్తాద్ తొంగి చూశాడు. గచ్చు మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు. "ఇంత సాఫ్ పని నా గ్యారేజీలో ఎన్నడూ చూడలేదు" అని, వెళ్ళబోతూ, "కానీ మేస్త్రీ, నువ్వు నడిచేదాని మీద ఇల్లు కట్టావు" అన్నాడు. మామ మొదటి సగమే విన్నాడు.

గుడారం నేను కుట్టాను. ఆకుపచ్చ క్యాన్వాసు, దబ్బనంతో రెండు వరుసల కుట్టు. అంచుల్లో ఇత్తడి కన్నాలు వేయించాను. కన్నాల్లోంచి లాగి కట్టడానికి తాడు కావాలి. శనివారం మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు మంచం కిందికి వంగి, ఆ కొబ్బరితాడు చుట్టను మొదటిసారి చేత్తో పట్టుకున్నాను. కత్తిపీట ముందేసుకుని మూరెడు మూరెడు ముక్కలు చేశాను. బాంబూ కట్టడానికి ఇక ఏ ముక్కా పనికిరాదు. ఇంకో తాడు కొనుక్కోలేడా అంటే కొనుక్కోగలడు. కానీ తండ్రి చేతుల మీదుగా వచ్చిన ఆ తాడు తప్ప ఇంకో తాడును ఆయన నమ్మడని నాకు తెలుసు.

ఆదివారం ఇంకా చీకటుండగానే బయలుదేరాం. మా ఆయన, మామ, గుడారం బిగించే వంకతో నేను, మా చాల్ కూలీలు ఆరుగురు. సేఠ్ పది గంటలకు గుట్ట మీదికి ఇంకో దారిన నడిచి వస్తానన్నాడు. గుట్ట కింద పీపాలో నీళ్ళు నింపాం, బస్తాలు ఎక్కించాం. మొదటి మలుపు దాటాం. రెండో మలుపులో దారి ఒక్కసారిగా పైకి లేచింది, వానకు మట్టి మెత్తబడింది. అడ్డంగా ఒక రాతి మెట్టు. రైలు పట్టా దానికి తగిలి ఆగింది. వెనక్కి వచ్చి, చిన్న కర్ర లాగి మళ్ళీ పోనిచ్చాడు. ఈసారి వెనక బరువుకు ముందు చక్రాలు తేలిపోయాయి, వెనకవి మట్టిలో గుంతలు తవ్వుకున్నాయి. నాలుగు కాళ్ళ బండి రెండు కాళ్ళ మీద కూలబడింది.

అందరం దిగాం. కూలీలు పీపానూ బస్తాలనూ దించారు. మా ఆయన కడ్డీ ఉన్న కాలును చేత్తో రుద్దుకుంటూ కొండ వైపు కాకుండా నేల వైపు చూస్తున్నాడు. ఆ చూపు నాకు తెలుసు.

అప్పుడు మామ గోనెసంచి విప్పాడు. సుత్తి, ఉలి తీశాడు. జీపు వెనక ఎక్కి, గచ్చు మీది నా ముగ్గు పక్కన కూర్చున్నాడు.

"నాయినా, ఏం జేస్తున్నవ్?" అన్నాడు మా ఆయన.

"ఖాలీ జేస్తున్న. నువ్వు ఆ పట్టా ఇప్పు."

నలభై ఏళ్ళు గోడలు కట్టిన మనిషి, తను కట్టిందాన్ని తన చేత్తో పగలగొట్టడం నేను చూడటం అదే మొదలు, అదే చివర. మొదటి దెబ్బకు గచ్చు చెక్కు చెదరలేదు. అంత బాగా పోశాడు మరి. ఐదో దెబ్బకు బీట పడింది. కూలీలు చెయ్యి వేస్తామన్నా వద్దన్నాడు. ఏడుస్తున్నాడేమో అని చూశాను. లేదు. ఉలి ఎక్కడ పెడితే జాలీ తెగకుండా పెళ్ళ ఊడుతుందో, అదే చూసుకుంటున్నాడు. గంట గడిచేసరికి గచ్చంతా ఊడి, చువ్వల జాలీ ఒక్కటే మిగిలింది. ఈలోగా మా ఆయన రైలు పట్టా విప్పి దారి పక్కకు నెట్టాడు.

ఆ పెళ్ళలను పారేస్తాడనుకున్నాను. దిగి, వాటిని ఒక్కొక్కటే ఏరి గుంతల్లో పేర్చడం మొదలుపెట్టాడు. పెద్దవి అడుగున, చిన్నవి సందుల్లో, ఎర్రగా నున్నగా ఉన్న మొహం పైకి. రాతి మెట్టు ముందు కూడా వాలుగా పేర్చాడు. చివరికి అలవాటు మానక రసమట్టం పెట్టి చూశాడు. ఆ కొండ వాలులో రసమట్టం ఏం చెబుతుందో ఆయనకే తెలియాలి.

"ఇగ ఎక్కురి," అన్నాడు.

మామ పెళ్ళల దగ్గరే ఉండిపోయాడు. మిగతావాళ్ళం పీపా, బస్తాలు మళ్ళీ ఎక్కించి, గోనెపట్టా పరిచి జాలీ మీదే కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాం. మా ఆయన మళ్ళీ చిన్న కర్ర లాగాడు. నాలుగు చక్రాలూ నేలను పట్టుకున్నాయి. గోనెపట్టా అంచున, చువ్వల మధ్య నుంచి నాకు కిందంతా కనబడుతోంది. మామ పేర్చిన ఎర్ర పెళ్ళలు, వాటిలో ఒక దాని మీద నా ముగ్గు చుక్కలు మూడు, తర్వాత రాయి, తర్వాత తడి మట్టి, గడ్డి. ఒక కొండ నా కాళ్ళ కింద నుంచి వెనక్కి జరిగిపోతోంది. ఉస్తాద్ గ్యారేజీలో గాలిలో తిరిగిన చక్రాలే ఇవి. ఇంత గొప్ప సంగతిని నేను మళ్ళీ జీవితంలో చూడలేదు. విమానం ఎక్కాను తర్వాత, అది కూడా ఇంత కాదు.

సేఠ్ పైన గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మనుషులను లెక్కపెట్టాడు, పీపా మూత తీసి చూశాడు. "సోమవారం నుంచి రా" అన్నాడు. అంతే.

గాలికి గుడారం ఒక మూల ఊడింది. బిగించడానికని మా ఆయన తాడు అందుకుని, ఆగాడు. పీచును బొటనవేలితో రుద్ది చూశాడు.

"గిది నా తాడు."

"అవును."

"కోసినవా? ఎప్పుడు?"

"నిన్న."

"మరి బండి ఎక్కకుంటె ఏం జేద్దువు?"

"బండి ఎక్కకున్నా, నువ్వయితే ఎక్కకపోదువు."

ఆయన నావైపు చూడలేదు. వంగి కింద మలుపు వైపు చూశాడు. అక్కడ మామ ఒక్కడే గుంతల పక్కన కూర్చుని, తిరుగు ప్రయాణానికి పెళ్ళలను మళ్ళీ సర్దుతున్నాడు. మా ఆయన ఆ తాడు ముక్కను కన్నంలోంచి లాగి, బాంబూలకు వేసే ముడి వేశాడు. మూడంతస్తుల ఎత్తులో మనిషిని మోసే ముడి అది. గుడారం చిరిగి పారేసిన రోజున కూడా నేను దాన్ని విప్పలేదు.