అమ్మ తియ్యమన్న చెలమ

మొన్న రాజోలులో కళ్ల డాక్టరుగారి దగ్గర చుక్కలు వేయించుకుని, అవి పనిచేసేదాకా కదలొద్దంటే గోడవారగా కూర్చున్నాను. ఎదురుగా ఉన్న టీవీలో అంతా మసకమసకగా తెల్లటి ఇసక, దాని మీద నల్లగా ఒక మనిషి నడిచిపోతున్నాడు. చూపు ఆనకపోయినా ఆ నడక గుర్తుపట్టాను. వెంట వచ్చిన మనవరాలు ఫోనులో వెతికి, అది ఎప్పటిదో యుద్ధకాలం నాటి గూఢచారి సినిమా అనీ, చాలా పేరున్నదనీ చెప్పి, నీకెలా తెలుసు అమ్మమ్మా అని వింతగా చూసింది. తెలియకేం! ఆ సినిమా మా ఇంట్లో తెర లేకుండానే చాలాకాలం ఆడింది.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, కువైట్ మీద యుద్ధం వచ్చిపడిన ఏడు మన రాజోలు వైపు చాలా ఇళ్లల్లో అన్నం సయించలేదు. ఇంటికొకరు అక్కడ ఉండేవారాయె. మా అక్క కూడా అక్కడే ఒక ఇంట్లో వంటకి కుదిరింది. యుద్ధం మొదలయ్యాక దాని దగ్గర్నుంచి ఉత్తరం లేదు, కబురు లేదు. మనవాళ్లను బస్సుల్లో ఎడారి దాటిస్తున్నారని మాత్రం రేడియోలో చెప్పారు. ఎడారి ఎలా ఉంటుందో మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు. ఇసకంటే మాకు గోదావరి ఇసకే.

ఆ రోజుల్లోనే పక్కింట్లో పుట్టినరోజని వీసీపీ, కలర్ టీవీ అద్దెకు తెచ్చారు. కొట్టువాడు తెలుగు సినిమాలతో పాటు పొరపాటున ఒక ఇంగ్లీషు కేసెట్టు కూడా పంపాడు. దాని అట్ట మీద ఇసకా ఒంటెలూ ఉన్న బొమ్మ చూసి, భోజనాలు కాగానే ముందు అదే వెయ్యమని అమ్మ చాప మీద కూర్చుంది. మా సంగతి తెలిసినవాళ్లు కనుక ఎవరూ కాదనలేదు. అర్థం చెప్పే పని మా బాబాయిగారిది. ఆయన తాటిపాకలో చమురు పనుల దగ్గర జీపు నడిపేవారు, అంతో ఇంతో ఇంగ్లీషు చెవిన పడ్డవారు. నాకప్పటికి తెలుగక్షరమే రాదు, నలభై దాటాక గాని పలక పట్టలేదు. అయినా ఆ మధ్యాహ్నం చదువుకున్నవాళ్లూ నేనూ ఒకేలా నోరు తెరుచుకుని చూశాం. ఆ తృప్తి ఇప్పటికీ ఉంది నాకు.

బాబాయిగారు చెప్పిందాని ప్రకారం, ఆ మనిషి శత్రువుల బట్టలు తొడుక్కుని, వాళ్లు పెట్రోలు ఎక్కడ దాచారో కనిపెట్టి, ఆ రహస్యం కడుపులో పెట్టుకుని ఎడారికి అడ్డంపడి తనవాళ్ల దగ్గరికి పోతున్నాడు. వెనక శత్రువులు తరుముతున్నారు, ముందేమో ఆ బట్టలు చూసి తనవాళ్లే కాల్చేస్తారేమోనని భయం. మంచి కథే, కాని మా దృష్టంతా ఇసక మీదే. అక్కడ నీడెక్కడ, పడుకోవడం ఎక్కడ, ఆడవాళ్లు చాటుకు వెళ్లాలంటే ఎక్కడికి వెళ్తారు, ఇవీ మా ప్రశ్నలు. గాలికి ఆ ఇసక మీద పడే చారలు అచ్చం మన ఏటి ఇసక మీది చారల్లాగే ఉంటే, మరి ఏరేదీ అని నాకు ఒకటే ఆలోచన.

ఇంతలో ఆ మనిషి నీళ్ల సీసా ఖాళీ అయింది. మోకాళ్ల మీద కూలబడ్డాడు. అమ్మ టీవీ ముందుకి జరిగి కేకేసింది.

“చెలమ తియ్యరా నాయనా! ఇసకలో ఉండి నీళ్లు లేవంటావేంటి! చేత్తో తవ్వు, ఊరుతుంది!”

అందరూ గొల్లుమన్నారు. అమ్మ తప్పేం లేదు. వేసవిలో ఏటి నడుమ లంకలో పుచ్చపాదుల పనికి పోయినప్పుడు మేం నీళ్లు మోసుకెళ్లేవాళ్లం కాదు. ఇసకలో చేత్తో గుంట తీసి, ఊరిన తేటనీళ్లు దోసిట పట్టి తాగేవాళ్లం. అదే చెలమ. ఇసక ఉండి నీళ్లు లేని చోటు అమ్మ ఎరగదు.

“అక్కడ ఎంత తవ్వినా ఊరదండి వదినగారూ. కిందా ఇసకేనండి,” అన్నారు బాబాయిగారు.

“మీరు తవ్వి చూసేరా?”

“లేదండి.”

“మరి కూచోండి!”

ఆ మనిషి ఇసకలో బోర్లాపడ్డాడు, సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మళ్లీ వచ్చేలోపు కేసెట్టు కొట్టుకు తిరిగి వెళ్లిపోయింది. ఇక అమ్మకు పట్టుకుంది, వాడు దాటితే అక్క దాటినట్టేనని. బొమ్మకీ మనిషికీ ఏం సంబంధమని మొహం మీదే అన్నాను, వినలేదు. తెలుసుకోవాలని నాకు మాత్రం లేదా! ధైర్యం చెప్పడానికి వచ్చినప్పుడల్లా బాబాయిగారు ఒక ముగింపు చెప్పేవారు. ఒకసారి ఒంటెలవాళ్లు వచ్చి ఎక్కించుకున్నారు, ఇంకోసారి విమానం దిగింది.

“మొన్న ఒంటె అన్నారు గదండీ మరిదిగారూ?”

“ఆయ్. ఒంటె మీద వెళ్లే విమానం ఎక్కేడండి.”

అమ్మ నవ్వలేదు. ముద్ద చేత్తో పట్టుకుని, చెలమ తియ్యడం మీ అక్కకి గుర్తుంటుందా అని నన్నడిగేది. గుర్తుంటుంది, నీళ్లు మాత్రం ఊరవు అనేదాన్ని. ఊరుకోబెట్టే మాటలు నాకు చేతకావు.

వానలు తగ్గుముఖం పట్టాక ఒక పొద్దున్న, నరసాపురం నుంచి పంటు మీద ఏరు దాటి, సఖినేటిపల్లి రేవులో దిగి అక్క ఇంటికొచ్చింది. మనిషి నల్లబడిపోయింది, పెదాలు పగిలిపోయాయి. ఏడుపులయ్యాక అమ్మ నోటెంట వచ్చిన మొదటి మాట ఒంట్లో ఎలా ఉందని కాదు.

“చెలమ తీసేవా?”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వబోయారు. అక్క నవ్వలేదు.

“తీసేనమ్మా.”

రెండు దేశాల మధ్య, ఎవరిదీ కాని ఇసకలో గుడారాలు వేసి జనాన్ని దింపేశారట. నీళ్ల లారీ ఎంతకీ రాలేదట. మన వైపు ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఎవరూ చెప్పకుండానే గుంటలు తియ్యడం మొదలెట్టారట. ఎవరిని పాతిపెడుతున్నారో అనుకుని తక్కిన దేశాలవాళ్లు దూరంగా నిలబడిపోయారట. మోచేతుల దాకా తవ్వారట.

“ఊరిందా?”

“లేదమ్మా. కింద చల్లగా ఉంది. అందులో చేతులు పెట్టుకుని కూచున్నాం.”

అమ్మ బాబాయిగారి వైపు తిరిగి, విన్నారా, చల్లగా ఉందట అంది. గెలిచిన మనిషిలా అంది.

ఇప్పుడూ మా పిల్లలు అక్కడికి వెళ్తూనే ఉన్నారు. ఫోను తిప్పి వంటిల్లూ, పరుపూ, కిటికీలోంచి రోడ్డూ చూపిస్తారు. మంచిదే, అమ్మ పడ్డ యాతన ఎవరికీ వద్దు. కాని ఫోను పెట్టేయగానే ఎవరి పనిలో వాళ్లం పడిపోతాం. కంటికి కనపడని మనిషి కోసం అంతగా ఊహించుకోవడం మేం ఎప్పుడు మానేశామో, నాకు తెలియనే లేదు.